సైగాన్ పట్టణములో ఒక దినము



వియత్నాం దేశములో ఉద్యోగము చేస్తున్న మా బావమరిది టికెట్లు తీసి పంపించగా, దేవుని కృపను బట్టి మేమిద్దరము సైగాన్ పట్టణము వెళ్ళి క్షేమముగా తిరిగి వచ్చాము. అతనికి సెలవు దొరకని ఒక రోజున, "బావగారూ, ఊరు చూపించేవాళ్ళు ఉన్నారు, ఉదయము తీసికొనిపోయి సాయంత్రము ఇంటి దగ్గర దింపుతారు. మీరూ అక్కా వెళ్ళి రండి" అని మమ్మల్ని ఒక చిన్న వ్యాను ఎక్కించాడు. ఆ రోజు అందులో మేము తప్ప వేరే యాత్రికులు లేరు. డ్రైవరు, గైడు, మేమిద్దరము. అంతే.

గైడు ముప్పై ఐదేళ్ళ యువకుడు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. వ్యాను కదలక ముందే మా వయస్సు అడిగాడు. ఇదేమిటి, వచ్చీ రాగానే వయస్సు అడుగుతున్నాడు అనుకున్నాము. కారణము తరువాత తెలిసింది. వారి భాషలో 'నీవు', 'మీరు' అనే మాటలతో పని జరగదట. ఎదుటివాడు పెద్దవాడైతే 'ఆన్' అనగా అన్న, స్త్రీ అయితే 'చీ' అనగా అక్క, చిన్నవారైతే 'ఎమ్' అనగా తమ్ముడు లేక చెల్లెలు. తండ్రి తమ్మునికి ఒక మాట, తండ్రి అన్నకు ఇంకొక మాట, తల్లి తోడబుట్టినవానికి వేరొక మాట. వయస్సు తెలియకపోతే ఏమని పిలవాలో తెలియదు. "మాకూ అంతే, మేనమామకు మా భాషలోనూ వేరే మాట ఉన్నది" అని మా శ్రీమతి చెప్పేసరికి అతడు సంతోషపడి, అప్పటి నుండి మమ్మల్ని అన్నా, అక్కా అనే పిలిచాడు.

ఈ పట్టణమునకు 1976 జూలై 2 నుండి హోచిమిన్ నగరమని పేరు. కాగితముల మీద అదే ఉంటుంది, నోటితో మాత్రము జనము సైగాన్ అనే అంటారు. నది పేరు సైగాన్ నది, రైల్వే స్టేషను పేరు కూడా సైగానే. 2025 జూలైలో ప్రక్కనున్న రెండు ప్రావిన్సులను కలిపి నగరమును ఇంకా పెద్దది చేశారు. 2024 డిసెంబరులో మెట్రో రైలు కూడా వచ్చింది. అయినా రోడ్డు మీద మోటారు సైకిళ్ళు చీమల బారులే. ఒక్కొక్క బండి మీద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వెనుక ఒక కోళ్ళ గంప. రోడ్డు దాటడానికి మేము భయపడుతుంటే గైడు ఉపాయము చెప్పాడు. "పరుగెత్తకండి, ఆగకండి, వెనుకకు అడుగు వేయకండి. ఒకే నడకతో నెమ్మదిగా పోతే వాళ్ళే తప్పుకొని పోతారు." నిజముగా అలాగే జరిగింది. మా శ్రీమతి మాత్రము ఆ రోజంతా రోడ్డు దాటిన ప్రతిసారీ కన్నులు మూసుకొని ప్రార్థన చేసికొన్నది.

మొదట స్వాతంత్ర్య భవనము చూశాము. ఆ స్థలములో పూర్వము ఫ్రెంచి గవర్నరు మేడ ఉండేది. ఫ్రెంచివారు 1954లో ఓడిపోయిన తరువాత జెనీవాలో ఒప్పందము జరిగి దేశమును ఉత్తరము, దక్షిణము అని రెండుగా చీల్చారు. ఆ ఒప్పందము సరిగా జరుగుతున్నదో లేదో చూడడానికి ఏర్పరచిన అంతర్జాతీయ కమిషనుకు అధ్యక్షత వహించినది మన భారతదేశమే. కెనడా, పోలండు దేశములు సభ్యులు. దక్షిణ దేశమునకు అధ్యక్షుడు ఎన్గో దిన్ దియెమ్. ఆయన కేథలిక్ క్రైస్తవుడు. ఆయన సంగతి మరల వస్తుంది కాబట్టి పాఠకులు పేరు గుర్తుంచుకోవాలి. 1962 ఫిబ్రవరిలో ఆయన సొంత వైమానిక దళములోని ఇద్దరు పైలట్లు ఈ మేడపై బాంబులు వేశారు. ఆయన తప్పించుకున్నాడు, మేడ మాత్రము పాడైపోయింది. దానిని పడగొట్టి, ఎన్గో వియెత్ థూ అనే వియత్నాం శిల్పి గీసిన నమూనా ప్రకారము ఇప్పుడున్న భవనము కట్టారు. 1966లో పూర్తయింది. దానిని కట్టమన్న దియెమ్ అప్పటికి చనిపోయి మూడు సంవత్సరములు, ఆ ఇంట ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు.

1975 ఏప్రిల్ 30న ఉత్తర సైన్యపు ట్యాంకులు ఈ భవనము గేటును బద్దలుకొట్టి లోపలికి వచ్చాయి. దానితో యుద్ధము ముగిసింది. అలాంటివే రెండు ట్యాంకులు ఇప్పుడు తోటలో చెట్ల నీడన ఉన్నాయి. పిల్లలు ఎక్కబోతే కాపలావాడు అదలిస్తున్నాడు. లోపల మంత్రుల సభ జరిగిన గది, నేల క్రింద కాంక్రీటు గదులు, గోడలకు యుద్ధ పటములు, వరుసగా పాత టెలిఫోనులు, వైర్లెస్ యంత్రములు అన్నీ ఆనాడు వదలి వెళ్ళినట్టే ఉన్నాయి. మేడ పైన ఒక హెలికాప్టరు నిలబెట్టి ఉన్నది. ప్రక్కన ఎర్రని వలయములు గీశారు, 1975 ఏప్రిల్ 8న బాంబులు పడిన చోటు అది. వేసినవాడు మరల సొంత సైన్యపు పైలట్టే, రహస్యముగా అవతలి పక్షము మనిషి. ట్యాంకుల దగ్గర నిలబడి గైడు, "మా సైన్యము ఈ గేటు నుండే వచ్చింది" అని చెప్పాడు. బడిలో నేర్చిన పాఠము చెప్పినట్టు తడుముకోకుండా చెప్పాడు. మేము తల ఊపాము.

అక్కడికి దగ్గరలోనే యుద్ధ అవశేషముల మ్యూజియము. 1975లోనే తెరిచారు. అప్పటి పేరులో 'అమెరికా నేరములు' అనే మాట ఉండేది. 1995లో అమెరికాతో సంబంధములు బాగుపడిన తరువాత ఇప్పటి పేరు పెట్టారు. బయట విమానములు, ఫిరంగులు. లోపలికి పోతే మాత్రము మాట పెగలదు. 1961 నుండి 1971 వరకు అమెరికా విమానములు అడవులను, పంటలను ఎండగొట్టడానికి 7 కోట్ల లీటర్లకు పైగా మందు చల్లాయి. అందులో ఎక్కువ భాగము 'ఏజెంట్ ఆరెంజ్' అనేది, దానిలో డయాక్సిన్ అనే విషము కలిసి ఉన్నది. మన పొలములో కలుపు మందు చల్లేటప్పుడే ముక్కుకు గుడ్డ కట్టుకొంటాము. అక్కడ అది ఊళ్ళ మీద, చెరువుల మీద, మనుష్యుల మీద వానలా పడింది. వంకర కాళ్ళతో, కన్నులు లేకుండా పుట్టిన పిల్లల ఫోటోలు ఒక గది నిండా ఉన్నాయి. మా శ్రీమతి ఆ గదిలోనికి వచ్చి వెంటనే బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నది.

ఒక ఫోటో దగ్గర మేము ఎక్కువ సేపు ఆగాము. పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. 1972 జూన్ 8న త్రాంగ్ బాంగ్ అనే ఊరి దగ్గర నేపామ్ బాంబు పడి, ఒంటి మీద బట్టలు కాలిపోయి, చేతులు చాచి ఏడుస్తూ రోడ్డు మీద పరుగెత్తుతున్న తొమ్మిదేళ్ళ అమ్మాయి. ఆమె పేరు కిమ్ ఫుక్. ఆ బాంబు వేసింది కూడా దక్షిణ సైన్యపు విమానమే. ఆమె 14 నెలలు ఆసుపత్రిలో ఉన్నది, 17 ఆపరేషన్లు జరిగాయి. కావొదాయి అనే మతములో పెరిగిన ఆమె, 1982లో ఈ సైగాన్ పట్టణములోనే క్రొత్త నిబంధన చదివి ప్రభువును అంగీకరించింది. తరువాత కెనడా దేశములో స్థిరపడింది. 1996లో వాషింగ్టన్‌లో అమెరికా మాజీ సైనికుల ఎదుట నిలబడి క్షమాపణను గూర్చి మాట్లాడింది. ఈ సాక్ష్యము మేము పుల్పిట్ మీద ఎన్నోసార్లు చెప్పాము. బొమ్మ ఎదుట నిలబడినప్పుడు మాత్రము, అంత తేలికగా ఎలా చెప్పగలిగామా అనిపించింది.

పై అంతస్తులో 'రెక్వియమ్' అనే ప్రదర్శన ఉన్నది. ఆ యుద్ధములలో ఫోటోలు తీస్తూ చనిపోయిన 130 మందికి పైగా ఫోటోగ్రాఫర్ల చిత్రములు అక్కడ ఉంచారు. అమెరికా, ఫ్రాన్సు, జపాను వారితో పాటు ఉత్తర వియత్నాం వారూ దక్షిణ వియత్నాం వారూ, ఎవరు ఏ పక్షమో చూడకుండా అందరూ ఒకే గోడ మీద ఉన్నారు. "ఈ ఇంట్లో నాకు నచ్చిన గది ఇది ఒక్కటే" అన్నాడు గైడు. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు. బయటికి వచ్చి, మెట్ల మీద మా శ్రీమతి ప్రక్కన కూర్చొన్న తరువాత చెప్పాడు.

అతని తల్లిది మెకాంగ్ నది డెల్టాలోని పల్లెటూరు. మన కోనసీమ లాంటి ప్రాంతము, కొబ్బరి తోటలు, కాలువలు, వరి. ఆమెకు ఇద్దరు అన్నలు. పెద్ద మేనమామ అడవికి పోయి విమోచన దళములో చేరాడు, 1968లో చనిపోయాడు. చిన్న మేనమామను సైగాన్ ప్రభుత్వము సైన్యములోనికి పట్టుకొని వెళ్ళింది, 1972లో చనిపోయాడు. యుద్ధము అయిన తరువాత పెద్దవాని పేర ప్రభుత్వము వారి యోగ్యతా పత్రము వచ్చింది, దేశము నీ సేవను జ్ఞాపకముంచుకొన్నది అని ఎర్ర అక్షరములతో. దానికి అద్దము కట్టించి, వారి ఆచారము ప్రకారము పితరుల పీటకు పైన గోడకు పెట్టారు, క్రింద అతని ఫోటో. చిన్నవానికి పత్రము లేదు. అతడు ఓడిపోయిన సైన్యము మనిషి. అతని ఫోటో గోడ మీద ఉంటే ఊరి పెద్దలు ఏమంటారో, మనుమలకు ఉద్యోగములు రావేమో అని అమ్మమ్మ దానిని బట్టల పెట్టె అడుగున దాచిపెట్టింది. సంవత్సరమునకు ఒకసారి, అతడు చనిపోయిన దినమున, తలుపులు మూసి బయటికి తీసేది. ఇరవై ఐదేళ్ళు అలాగే జరిగింది. "నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక ఉదయము నిద్ర లేచి చూస్తే పీట మీద రెండు ఫోటోలు ఉన్నాయి. అమ్మమ్మ ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఊరి పెద్ద వచ్చాడు, టీ త్రాగాడు, రెండింటినీ చూశాడు, వెళ్ళిపోయాడు." అంతే చెప్పి అతడు లేచి దుమ్ము దులుపుకొన్నాడు.

1995లో వియత్నాం ప్రభుత్వము ప్రకటించిన లెక్క ప్రకారము తమ పక్షమున చనిపోయిన యోధులు 11 లక్షలు, పౌరులు 20 లక్షల వరకు. అమెరికా వారు 58 వేలకు పైగా. సైగాన్ సైన్యములో చనిపోయినవారు రెండు లక్షలకు పైగా ఉంటారని అమెరికా సైన్యపు అంచనా. వారి సమాధులున్న బియెన్ హోవా శ్మశానము 2006 వరకు సైన్యపు అదుపులోనే ఉన్నది. ఇన్ని లక్షలలో ఆ ఇద్దరు.

తరువాత పెద్ద దేవాలయము, పోస్టాఫీసు. దేవాలయము 1880లో ఫ్రెంచివారు ప్రతిష్ఠించినది. ఎర్ర ఇటుకలు మార్సేయి రేవు నుండి ఓడలలో తెచ్చారట. 2017లో మొదలైన మరమ్మతుల వలన చుట్టూ ఇనుప గొట్టాలతో సారువ కట్టి ఉన్నది, లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న పోస్టాఫీసు 1891లో పూర్తయినది. పెద్ద రైల్వే స్టేషను లాగా వంపు తిరిగిన ఎత్తైన కప్పు, గోడల మీద రంగులతో వేసిన పాత పటములు. ఐఫెల్ కట్టాడని చాలామంది చెప్తారు గాని అది నిజము కాదు, ఫూలూ అనే ఫ్రెంచి శిల్పి నమూనా అది. మమ్మల్ని ఆకర్షించినది పటములు కాదు, ఒక బల్ల. ఈ పోస్టాఫీసులో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన ఆ తరువాత అనేక సంవత్సరములు ఇక్కడే ఒక బల్ల దగ్గర కూర్చొని, విదేశీ భాషలు రానివారికి ఇంగ్లీషులో, ఫ్రెంచిలో ఉత్తరాలు వ్రాసిపెట్టేవాడు. యుద్ధము తరువాత విదేశములకు పోయిన కొడుకులకు, బిడ్డలకు ఎన్ని ఉత్తరాలు ఆయన చేతి మీదుగా పోయాయో! ఆయన ఇప్పుడు లేడు. మా చిన్నతనములో పోస్టుమాను అరుగు మీద కూర్చొని ముసలివాళ్ళు చెప్పింది వ్రాసిపెట్టడము జ్ఞాపకము వచ్చింది. రోమా పత్రికను కూడా పౌలు చెప్పగా తెర్తియు గదా వ్రాసింది.

మధ్యాహ్నమునకు బెన్ థాన్ మార్కెట్టుకు చేరాము. గడియారపు గోపురముతో 1914లో తెరిచిన మార్కెట్టు. ఒకే కప్పు క్రింద వెయ్యికి పైగా దుకాణములు. ముందు డబ్బు సంగతి చెప్పాలి. మన ఒక రూపాయికి సుమారు 300 డాంగులు వస్తాయి. మూడు వేల చిల్లర రూపాయలు మార్చుకుంటే పది లక్షలు చేతికి వచ్చాయి! జీవితములో మొదటిసారి లక్షాధికారులమైనాము. భోజనము అయ్యేసరికి మరల మామూలు మనుష్యులమైనాము. ప్రతి నోటు మీద హోచిమిన్ బొమ్మే కాబట్టి సున్నాలు లెక్కపెట్టుకొని ఇవ్వాలి. పదివేలు అనుకొని లక్ష ఇచ్చేటంత తేలిక.

కూరగాయల వైపు పోయిన మా శ్రీమతి అక్కడే ఆగిపోయింది. తూటికూర! మన చెరువు గట్టున దానంతట అది పెరిగేది, పేదవారి కూర అని మనము చిన్నచూపు చూసేది, అక్కడ కట్టలు కట్టలుగా రాజ్యమేలుతున్నది. దాని వేపుడు లేని భోజనము ఉండదట. అరటి పువ్వు, తామర కాడలు, నిమ్మగడ్డి, పుదీనా, ఎండు రొయ్యలు, రకరకాల ఎండు చేపలు. పనసకాయకు ముళ్ళు పెంచినట్టుండే డూరియన్ పండు వాసన వర్ణించడము మా వలన కాదు. నెత్తళ్ళను ఉప్పు వేసి పెద్ద కొయ్య తొట్లలో సంవత్సరము పాటు ఊరబెట్టి తీసిన రసము వారికి మన చింతపండు లాంటిది, అది పడని కూర లేదు. బయట స్త్రీలు కావడి భుజము మీద వేసికొని, ఒక ప్రక్క పొయ్యి, ఒక ప్రక్క గిన్నెలు, అంటే ఒక హోటలునే మోసికొంటూ తిరుగుతున్నారు. తల మీద తాటాకు గిడుగు వంటి మొనదేలిన టోపీ. ఎండకు, వానకు, అవసరమైతే విసనకర్రగా కూడా అదే.

భోజనమునకు 'కొమ్ తామ్' తినిపించాడు. పేరు విని ఏమో అనుకున్నాము. నూకల అన్నము! బియ్యము మిల్లులో విరిగిపోయిన నూకలు పూర్వము అమ్ముడుపోక రైతులు, కూలివారు తినేవారట. ఈ రోజు సైగాన్ అంటే నూకల అన్నము అని పేరు, ధనవంతులు కూడా వరుసలో నిలబడి తింటున్నారు. దాని మీద కాల్చిన పంది మాంసము, దోసకాయ ముక్కలు. తరువాత కాఫీ, గ్లాసు మీద చిన్న రేకు గిన్నె పెట్టి, చుక్క చుక్కగా దిగేది, అడుగున చిక్కని తీపి పాలు. ప్రపంచములో బ్రెజిల్ తరువాత ఎక్కువ కాఫీ పండించేది వియత్నామే. ఆ కాఫీ దిగేవరకు ఓపిక పట్టలేకపోయినది మేమొక్కరమే. మార్కెట్టుకు దగ్గరలో తమిళులు కట్టిన మారియమ్మ గుడి ఉన్నది. ఫ్రెంచివారి కాలములో పుదుచ్చేరి, కారైకాల్ నుండి చాలామంది ఇక్కడికి వచ్చారు. మన యానాము కూడా అప్పుడు ఆ ఫ్రెంచివారి ఏలుబడిలోనిదే గదా.

తిరిగి వ్యాను దగ్గరకు వస్తుండగా మా శ్రీమతి ఒక దుకాణము ముందు నిలబడిపోయింది. లక్క పూత పూసి, గుడ్డు పెంకు ముక్కలు పొదిగిన కొయ్య సామానులు. పుస్తకములా తెరుచుకొనే ఒక ఫోటో ఫ్రేము పట్టుకొన్నది. రెండు ఫోటోలు ఎదురెదురుగా పెట్టవచ్చు. దుకాణపు ఆమె కాలిక్యులేటరు మీద 4,50,000 అని నొక్కి చూపించింది. గైడు చెప్పినట్టు సగము చెప్పాము. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకొని బాధపడింది. చివరకు 2,80,000కు ఇచ్చి, మేము నాలుగు అడుగులు వేయగానే ప్రక్క దుకాణము ఆమెతో నవ్వుకొంటున్నది. మోసపోయామేమో. మన బజారులో చేయనిది అక్కడ ఎందుకు చేయగలము?

"ఎవరికి అది?" అని వ్యానులో అడిగాము. మా శ్రీమతి ఒక పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ వ్రాయము, ఆ తల్లి అనుమతితోనే ఈ కొద్దిపాటి సంగతి వ్రాస్తున్నాము. మా సంఘములో ఒక విధవరాలు. ఇద్దరు కొడుకులు, ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే. పొలము గట్టు దగ్గర లేచిన మాట, కోర్టు వరకు పోయి, ఇప్పుడు ఒకరి ముఖము ఒకరు చూచుకోరు. మందిరములో ఒకరు కిటికీ ప్రక్కన, ఒకరు తలుపు ప్రక్కన. ప్రభువు బల్లకు ఒకరు వచ్చి వెళ్ళిన తరువాత గాని రెండవవారు లేవరు. తల్లి పెద్దవాని దగ్గర ఉంటున్నది. ఆ ఇంటి గోడ మీద చిన్నవాని పెండ్లి ఫోటో ఉండేది, ఇప్పుడు మేకు మాత్రము ఉన్నది. ఫోటో ట్రంకు పెట్టెలో ఉన్నదని ఆమె మా శ్రీమతికి చెప్పిందట. మాకు తెలియదు. సమాధానమును గూర్చి నాలుగు ప్రసంగములు చేశాము గాని ఆ ఇంటికి వెళ్ళి గోడ వైపు చూడలేదు.

వ్యాను త్రాన్ హుంగ్ దావ్ అనే పొడవైన వీధి వెంట చో లోన్ చేరింది. చో లోన్ అంటే పెద్ద అంగడి, చైనావారి పేట. అక్కడ చా తామ్ అనే పసుపు రంగు కేథలిక్ దేవాలయము ఉన్నది. ఇక్కడే దియెమ్ కథ ముగిసింది. ఆయన నిరాడంబరుడు, ప్రతి దినము ప్రార్థనకు పోయేవాడు, ఇవి శత్రువులు కూడా ఒప్పుకొన్న సంగతులు. అయితే దేశములో ఎక్కువ మంది బౌద్ధ ఆచారము గలవారు. 1963 మే నెలలో ఆయన అన్నగారైన ఆర్చిబిషప్పు ఉత్సవములో వాటికన్ జెండాలు ఎగిరాయి. కొద్ది రోజులకే బుద్ధుని పండుగలో బౌద్ధ జెండా ఎగురవేయకూడదన్నారు. హుయే పట్టణములో నిరసన తెలిపినవారిపై కాల్పులు జరిగి తొమ్మిది మంది చనిపోయారు. జూన్ 11న థిచ్ క్వాంగ్ డుక్ అనే సన్యాసి సైగాన్ నడిబజారులో కూర్చొని ఒంటికి నిప్పు పెట్టుకొన్నాడు. ఆ కూడలిలో ఇప్పుడు స్మారకము ఉన్నది. నవంబరు 1న సైన్యాధికారులు తిరగబడ్డారు. దియెమ్, ఆయన తమ్ముడు పారిపోయి చో లోన్‌లో దాగి, మరునాడు ఉదయము ఈ దేవాలయమునకు వచ్చారు. ఇక్కడ నుండి వారిని సైనిక వాహనములో ఎక్కించి దారిలోనే చంపివేశారు. ఆ రోజు కేథలికులకు మృతులను జ్ఞాపకము చేసికొనే దినము. ఆయన కూర్చొన్న బల్లకు చిన్న పలక కొట్టి ఉన్నది. మేము ఆ బల్ల మీద కూర్చోలేదు. జాలి వేసింది, కోపము కూడా వచ్చింది. క్రీస్తు పేరు పెట్టుకొన్నవాని చేతికి అధికారము వస్తే పొరుగువాని జెండా కంటికి ముల్లు అయిపోయింది. మన దేశములో కొద్దిమందిమిగా ఉన్న మనకు ఇది అర్థము కాకపోతే ఎవరికి అర్థమవుతుంది?

దగ్గరలోనే బిన్ తై మార్కెట్టు. చైనా నుండి వట్టి చేతులతో వచ్చి, పాత సామానులు ఏరి అమ్మి, గొప్ప వర్తకుడైన క్వాక్ దామ్ అనే ఆయన సొంత ఖర్చుతో కట్టించి ఇచ్చినది. టోకు మార్కెట్టు కాబట్టి చెప్పులు డజను, గిన్నెలు డజను. ఒక్క చెంచా అడిగితే నవ్వారు.

తిరుగు దారిలో, పట్టికలో లేకపోయినా, మా కోరిక మీద ఒక చోట ఆపారు. అదే వీధిలో ఉన్న సైగాన్ ప్రొటెస్టంటు మందిరము. వారి భాషలో ప్రొటెస్టంటులను 'టిన్ లాన్' అంటారు, అనగా సువార్త! 1911లో జాఫ్రే మొదలైన మిషనరీలు దానాంగ్ రేవులో పని మొదలుపెట్టారు. 1926లో పూర్తి బైబిలు వారి భాషలో వచ్చింది, ఫాన్ ఖోయ్ అనే పేరుపొందిన రచయిత అనువాదములో సహాయము చేశాడు. 1975 తరువాత దక్షిణములో అనేక మందిరములు మూతపడ్డాయి, పాస్టర్లలో కొందరు నిర్బంధ శిబిరములకు పోయారు, ఞా త్రాంగ్‌లోని బైబిలు పాఠశాల ఆగిపోయింది. 2001లో గాని దక్షిణ సంఘమునకు ప్రభుత్వ గుర్తింపు రాలేదు. ఆ మధ్య కాలమంతా వారు పాడుతూనే ఉన్నారు.

లోపల ఒక పెద్దాయన బల్లలు తుడుస్తున్నాడు. మేము పాస్టరు, పాస్టరమ్మ అని గైడు చెప్పగానే చీపురు ప్రక్కన పెట్టి రెండు చేతులతో మా చేతులు పట్టుకొన్నాడు. తన బైబిలు తెచ్చి ఇచ్చాడు. అక్షరములు ఇంగ్లీషువే, అర్థము ఒక్కటీ తెలియదు. అంకెలు మాత్రము తెలుసు. కీర్తనలు 133 తీసి ఆయనకు చూపించాము. ఆయన చదివాడు, తరువాత మేము తెలుగులో చదివాము. మూడే వచనములు గదా. గైడు ఆ పుస్తకము తీసికొని తనలో తాను ఇంకొకసారి చదివి, "ఇది ఎవరు వ్రాశారు?" అన్నాడు. దావీదు అని చెప్పాము. "ఆయనకు అన్నదమ్ములు ఉన్నారా?" అన్నాడు. ఉన్నారు, కుమారులు కూడా ఉన్నారు అన్నాము. ఆ కుమారుల కథ చెప్పడానికి వేళ చాలలేదు, డ్రైవరు హారను కొడుతున్నాడు.

ఇంటికి వచ్చిన రెండవ వారములో మా శ్రీమతి ఆ ఫ్రేము తీసికొని వెళ్ళింది. ఈసారి మేము కూడా వెళ్ళాము. పెద్ద కొడుకు పొలములో ఉన్నాడు. ఆ తల్లి కాగితము విప్పి, ఫ్రేమును తెరిచి, మూసి, మరల తెరిచి, కొంగుతో అద్దములు తుడిచింది. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తీసిన చప్పుడు వినబడింది. చాలాసేపటికి రెండు ఫోటోలు పట్టుకొని గుమ్మములో నిలబడి, "ఏ ప్రక్క ఎవరిని పెట్టాలమ్మా?" అని అడిగింది.